నాలుగో రీలులో దొరసాని

మా ఆలివ్ థియేటర్లో సినిమాని చూసేవాళ్ళు కొందరైతే వినేవాళ్ళు కొందరు. మూకీల రోజులవి. తెర మీద మాటల అట్ట పడగానే చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళ కోసం గట్టిగా పైకి చదివేవారు. చదవమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. పత్తి చేలు వదిలి రైలెక్కి షికాగో వచ్చిన పెద్దవాళ్ళలో సగం మందికి సంతకం కూడా రాదు. పక్కన కూర్చున్న మనవరాలో, ఎదురింటాయనో, అసలు ముఖం తెలియని మనిషో చదివి పెట్టాలి. ఒకరు మొదలుపెడితే వెనక వరసల వాళ్ళు అందుకునేవారు. ఆ మాటలు అయ్యేదాకా పియానో వాయించే ఆవిడ వేళ్ళు తగ్గించి వాయించేది.

ఆ అట్టలు రాసేది నేను. నా పేరు థాడియస్ క్వార్ల్స్. అందరూ థాడ్ అంటారు. సైన్ బోర్డులు రాయడం నా వృత్తి. షికాగోకి దక్షిణాన మా నల్లవాళ్ళ పేటలో మంగలి షాపులు, చర్చిలు, వేయించిన చేపల కొట్లు, అన్నిటి మీదా నా చేతి రాతే ఉండేది. కానీ మంగలి షాపు బోర్డుని ఎవరైనా పైకి చదువుతారా? నల్ల అట్ట మీద తెల్ల రంగుతో నేను రాసిన ముక్కని మూడు వందల మంది ఒక్క గొంతుతో చదువుతుంటే వెనక నిలబడి వినేవాణ్ణి. అందుకు గొప్పలు పోయేవాణ్ణి. ఇప్పటికీ పోతాను, నన్నెవరు ఆపుతారు?

నా చేత ఆ పని మొదలుపెట్టించినవాడు లూషియస్ బ్రాంచ్. బ్రాంచ్ అంతకుముందు పదకొండేళ్ళు రైల్లో పడక పెట్టెలో నౌకరు. తెల్ల ప్రయాణికులకి పక్కలు పరిచి, బూట్లు తుడిచి, తెల్లారి లేపేవాడు. ఆ పెట్టెల్లో నౌకర్లందరినీ ప్రయాణికులు ఒకే పేరుతో పిలిచేవారు, వాళ్ళ కంపెనీ యజమాని పేరుతో. పదకొండేళ్ళలో తనని లూషియస్ అని పిలిచిన ప్రయాణికుడు ఒక్కడు కూడా లేడని బ్రాంచ్ నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అలాంటి మనిషి ఉద్యోగం మానేసి, ఎక్కడినుంచో పాత కెమెరా ఒకటి సంపాదించి, సినిమాలు తీస్తానని కూర్చున్నాడు. అప్పట్లో తెల్లవాళ్ళ సినిమాల్లో మేము కోళ్ళు దొంగిలించేవాళ్ళం, దెయ్యాన్ని చూసి కళ్ళు తిప్పేవాళ్ళం. చాలాసార్లు ఆ వేషం కూడా ముఖానికి మసి పూసుకున్న తెల్లవాడిదే. బ్రాంచ్ సినిమాల్లో మా జనం డాక్టర్లు, లాయర్లు, పొలం ఉన్న రైతులు. స్టూడియో ఎక్కడిది? శవపేటికలు అమ్మే జెస్సప్ గారి ముందు గది మా సినిమాల్లో ధనవంతుల హాలు. మంచి కుర్చీలు, పట్టు తెరలు ఊళ్ళో ఆయన దగ్గరే ఉండేవి. ఎవరైనా పోతే షూటింగ్ ఆగేది.

"ఒరే థాడ్, అక్షరం లావుగా రాయరా" అనేవాడు బ్రాంచ్. "చదివేవాళ్ళు పక్కవాళ్ళ కోసం కూడా చదవాలి. వాళ్ళు తడుముకుంటే ఇద్దరికీ పోతుంది."

పంతొమ్మిది వందల ఇరవై ఒకటిలో తీసిన సినిమా కథ చిన్నదే. ఒక నల్ల డాక్టరు. ఊళ్ళో తెల్లవాళ్ళు అతన్ని డాక్టరనరు, "ఒరేయ్" అంటారు. ఒక తెల్ల దొరసాని బిడ్డకి గొంతులో కఫం అడ్డుపడి ప్రాణం మీదికొస్తుంది. తెల్ల డాక్టరు దొరకడు. ఇతను వెళ్ళి బతికిస్తాడు. నాలుగో రీలులో, ఆ దొరసాని తన ఇంటి ముందు గుమ్మంలో నిలబడి చెయ్యి చాపుతుంది. "డాక్టర్ హామండ్ గారూ, మీ మేలు మరిచిపోను" అంటుంది. అతను ఆ చెయ్యి అందుకుంటాడు. అయిపోయింది, అంతే.

"పదకొండేళ్ళు ఈ ఒక్క ముక్క వినాలని ఎదురుచూశానురా" అన్నాడు బ్రాంచ్ ఆ అట్ట నా చేత రాయిస్తూ. "నాకు ఎవరూ అనలేదు. తెర మీదైనా అననీ."

అంతా బాగానే ఉంది, దొరసాని ఎక్కడినుంచి రావాలి? మా సినిమాలో వేషం వెయ్యడానికి తెల్ల నటి వస్తుందా? మాలో తెల్లగా ఉండేవాళ్ళకి కరువు లేదు. అది ఎలా జరిగిందో దొరల కింద బానిసలుగా బతికిన మా అమ్మమ్మలకి తెలుసు, దాని గురించి మాట్లాడుకోరు. బ్రాంచ్ వెళ్ళి ఒడెస్సా టాలివర్‌ని అడిగాడు.

ఒడెస్సా నాకు చర్చి పాటల బృందంలో తెలుసు. గోధుమ రంగు జుట్టు, బూడిద రంగు కళ్ళు. వాళ్ళమ్మ హెట్టీ టాలివర్ మాత్రం కాఫీ గింజ రంగు. హెట్టీ అత్త డౌన్‌టౌన్‌లో పెద్ద హోటల్లో బల్లగుడ్డలు ఇస్త్రీ చేసేది. ఆ హోటల్‌కి మూడు గుమ్మాల అవతల ఒక గొప్ప టోపీల దుకాణం ఉంది. నల్లవాళ్ళు ఆ దుకాణంలో అడుగు పెట్టినా టోపీ తల మీద పెట్టి చూడనిచ్చేవారు కాదు. ఆ దుకాణంలో నాలుగేళ్ళుగా తెల్లపిల్లగా చెలామణీ అవుతూ టోపీలు కుట్టి, దొరసానుల తలల మీద తన చేత్తో అమర్చే మిస్ డేల్ ఎవరో కాదు, మా ఒడెస్సా.

పొద్దున్నే తల్లీ కూతుళ్ళు ఒకే ట్రామ్ ఎక్కేవారు. ఇంటి నుంచి మలుపు దాకా కలిసే నడిచేవారు. మలుపు దగ్గర హెట్టీ అత్త ఆగి బూటు లేసు సరిచేసుకునేది. ఒడెస్సా ముందుకు వెళ్ళిపోయేది. ట్రామ్‌లో ఒకరు ముందు, ఒకరు వెనక. ఒకే కిటికీ వైపు కూడా చూసేవారు కాదు. ఇది కూతురు పెట్టిన నియమం అనుకునేరు, కాదు. తల్లి పెట్టింది.

"డౌన్‌టౌన్‌లో నేను నీకేమీ కాను" అందట మొదటి రోజే. "నేను ఎదురొస్తే పక్కకి తప్పుకుని పో. ఇంటికొచ్చాక కావలిస్తే నా నెత్తెక్కి కూర్చో. ఆ ఇస్త్రీ పెట్టె నీ చేతికి రాకుండా ఉంటే నాకు చాలు."

హెట్టీ అత్త అరచేతుల నిండా కాలిన మచ్చలు. అవి చూసినవాళ్ళెవరూ ఆమెని తప్పుపట్టరు.

బ్రాంచ్ అడిగితే ఒడెస్సా వెంటనే ఒప్పుకుంది. రోజంతా తెల్ల దొరసాని వేషం వేసేదానికి ఆదివారం కూడా వెయ్యడం ఎంతసేపు? "నా పేరు మాత్రం వెయ్యొద్దు బ్రాంచ్ గారూ" అంది. "మన థియేటర్లకి మా దుకాణం వాళ్ళు ఎలాగూ రారుగా."

నిజమే, రారు. తెల్లవాళ్ళు మా సినిమాలు చూడరని అందరం ధీమాగా ఉన్నాం. తప్పక చూసేవాళ్ళు అయిదుగురు ఉంటారని మరిచిపోయాం. వాళ్ళే సెన్సారు.

షికాగో సెన్సారుని సినిమా గొడవ లేకుండా దాటింది. పక్క రాష్ట్రంలో తగులుకుంది. ఏ రాష్ట్రమో చెప్పను, ఆ బోర్డు వాళ్ళ మనవలు ఇంకా బతికే ఉన్నారు. ఆ రాష్ట్రంలో మా జనం ఉన్న ఊళ్ళు ఎక్కువ, మా సినిమా వేసే హాళ్ళు తొమ్మిది. అక్కడ ఆడకపోతే బ్రాంచ్ ఇంకో సినిమా తియ్యడం కల్ల. బోర్డులో ఇద్దరు మగవాళ్ళు సినిమా చూసి ఉత్తరం రాశారు. తెల్ల స్త్రీ నల్లవాడి చెయ్యి పట్టుకోవడం, గారు అని పిలవడం ప్రజల శాంతికి భంగకరం కాబట్టి నాలుగో రీలు మొత్తం తీసెయ్యాలని ఆజ్ఞ.

బ్రాంచ్ ఆ ఉత్తరం చదివి ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తెల్ల స్త్రీ అటరా! మన ఒడెస్సా!" నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె నల్లజాతి పిల్లే అని తిరిగి రాశాడు. అబద్ధమాడుతున్నారని జవాబు వచ్చింది. నిజమైతే ఆ స్త్రీని, ఆమె కన్నవాళ్ళలో ఒకరిని బోర్డు ముందుకి తీసుకురమ్మన్నారు.

హెట్టీ అత్త వంటింట్లో కూర్చుని ఈ సంగతి మాట్లాడుకున్నాం. ఆమె చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"వద్దమ్మా" అన్నాడు బ్రాంచ్. అడగడానికి వెళ్ళినవాడే వద్దంటున్నాడు. "ఆ రీలు లేకపోతే కథ లేదు, నిజమే. అయినా నీ కడుపు మీద కొట్టి నేను సినిమా ఆడించుకోను."

"ఆ ఊరు ఇక్కడికి రైల్లో నాలుగు గంటలు" అంది ఒడెస్సా. "అక్కడ నన్నెరిగినవాళ్ళు ఎవరున్నారు? వెళ్ళి ముఖం చూపించి వస్తాం. ఒక్క పూట."

"నిన్ను చూస్తే నమ్మరు. నన్ను చూస్తే నమ్ముతారు" అంది హెట్టీ అత్త గింజల గిన్నె పక్కన పెట్టి. "ఈ నలుపు ఇన్నాళ్ళకి ఒకందుకు పనికొస్తోంది. నా ఆదివారం టోపీ తియ్యి."

ఆ మాటకి అందరం నవ్వాం. ఒడెస్సా మాత్రం తల్లి ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.

మంగళవారం పొద్దున నలుగురం రైలెక్కాం. నేనెందుకంటే, బోర్డు వాళ్ళు ఏదైనా మాట మార్చమంటే అక్కడికక్కడే అట్ట రాసిస్తానని బ్రాంచ్ రంగుల పెట్టెతో సహా లాక్కెళ్ళాడు. దారిలో హెట్టీ అత్త మొక్కజొన్న రొట్టె, చల్లారిన కోడి కూర పెట్టింది. బండిలో కూతురి పక్క సీట్లో కూర్చోవడం నాలుగేళ్ళలో అదే మొదలట. "కాళ్ళు దగ్గరగా పెట్టుకోవే, ఎంత చోటు కావాలే నీకు?" అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది. అంత సంతోషంగా సణగడం నేనెక్కడా వినలేదు.

బోర్డు గది రెండో అంతస్తులో. పొడుగాటి బల్ల, అవతల అయిదు కుర్చీలు. బ్రాంచ్ ముందు నడిచాడు, వెనక ఒడెస్సా, ఆ వెనక హెట్టీ అత్త, తలుపు దగ్గర రంగుల పెట్టెతో నేను. మధ్య కుర్చీలో అధ్యక్షుడు, ముసలి లాయరు, కాగితాల్లోంచి తలెత్తాడు. ఆయన నోరు తెరిచేలోపలే చివరి కుర్చీలోంచి ఒకావిడ లేచింది.

"మిస్ డేల్! మీరేమిటి ఇక్కడ? మా ఊరొస్తున్నట్టు మాటైనా చెప్పలేదే!"

ఆవిడ పేరు మిసెస్ ప్రెంటిస్ అని తర్వాత తెలిసింది. సినిమా చూసినప్పుడు ఆవిడ లేదు, విచారణకి మాత్రం వచ్చింది. ఋతువుకొకసారి షికాగో వచ్చి టోపీ కొనుక్కునే మనిషి. ఆవిడ తల మీద బూడిద రంగు టోపీ, దానికి నీలం నిప్పుకోడి ఈక. అది ఎవరు కుట్టారో నేను వేరే చెప్పాలా?

ఒడెస్సా నిలబడిన చోటే నిలబడిపోయింది. బ్రాంచ్ వైపు చూశాను. అతని ముఖంలో ఏమీ కనబడలేదు. బల్ల మీద పరచబోతున్న కాగితాలు నెమ్మదిగా మళ్ళీ సంచిలో పెట్టేస్తున్నాడు.

"ఈవిడెవరో నాకు తెలియదండీ" అన్నాడు అధ్యక్షుడితో. "మేం తీసుకొస్తామన్న మనిషి రాలేదు. మీరు రీలు తీసేయండి."

పదకొండేళ్ళు ఎదురుచూసిన ముక్కని అరక్షణంలో వదులుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, నేను ఎవరి ముందైనా టోపీ తీశానంటే ముందు లూషియస్ బ్రాంచ్‌ని తలుచుకునే తీశాను.

హెట్టీ అత్త కూడా అంతే తొందరగా తేరుకుంది. నాలుగేళ్ళ అలవాటు. కళ్ళు దించేసింది, భుజాలు వంచేసింది, వయసు పదేళ్ళు పెంచేసుకుంది. "క్షమించండమ్మా" అంది మిసెస్ ప్రెంటిస్‌తో. "గది తప్పొచ్చాను. ఉతికే గుడ్డలు తీసుకెళ్ళమన్నారు, ఏ గదో ఏమో." కూతురి వైపు ఓరకంట కూడా చూడకుండా వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర నన్ను దాటబోతుంటే ఆమె ముఖం చూశాను. ట్రామ్‌లో చూసే ముఖమే. లోపల ఏముందో పైకి ఒక్క గీత కూడా లేదు.

అక్కడితో అయిపోవాల్సింది. రీలు పోయేది, ఉద్యోగం నిలిచేది. ఒడెస్సా నోరు విప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"అమ్మా!"

నేను ఉలిక్కిపడ్డాను. హెట్టీ అత్త మాత్రం ఆగలేదు, తనని కానట్టు నడుస్తూనే ఉంది. ఒడెస్సా నాలుగు అంగల్లో వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఎక్కడికి పోతున్నావు? గది ఇదే. ఇటు రా."

"వదులమ్మా, మీరెవరో..." అని గొణిగింది హెట్టీ అత్త. ఆమె కళ్ళు కూతుర్ని బతిమాలుతున్నాయి.

ఒడెస్సా వదల్లేదు. తల్లి చేతిని తన చంకలో ఇరికించుకుని బల్ల ముందుకి తీసుకొచ్చింది.

"మిసెస్ ప్రెంటిస్ గారూ, ఈవిడ మా అమ్మ, హెట్టీ టాలివర్. నేను ఒడెస్సా టాలివర్‌ని. ఆ సినిమాలో దొరసాని నేనే. మీ టోపీకి ఈక కుట్టింది కూడా నేనే. ఎడమ పక్క కొంచెం వాలింది, వానలో పెట్టుకున్నట్టున్నారు."

మిసెస్ ప్రెంటిస్ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. నిప్పు అంటుకున్నట్టు ఆ టోపీ ఊడబెరికి బల్ల మీద పడేసింది. జుట్టు చెదిరి, చూడ్డానికి మామూలు ముసలావిడలా కనిపించింది.

"నువ్వు నా తల ముట్టుకున్నావు" అంది. "నాలుగేళ్ళు!" మీరు పోయి నువ్వు రావడానికి అరనిమిషం పట్టలేదు.

"అవునండీ. మీరెప్పుడూ నా చెయ్యి మెత్తన అనేవారు" అంది ఒడెస్సా.

అధ్యక్షుడు చాలాసేపు ఈ ముఖం నుంచి ఆ ముఖానికి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చివరికి ఇద్దరినీ చేతులు చాపమన్నాడు. తల్లి ఎడమ చిటికెన వేలు కొస దగ్గర లోపలికి వంకర. కూతురిదీ అంతే. ఆయన తన వేలు కూడా ఒకసారి చూసుకున్నాడు, దేనికో మరి.

"చూసేవాళ్ళు పొరబడకుండా ఒక అట్ట పెట్టాలి" అన్నాడు. "ఆ స్త్రీ కనబడటానికి ముందే. ఈ పాత్ర ధరించినది నల్లజాతి స్త్రీ అని, పేరుతో సహా, స్పష్టంగా. అప్పుడు అభ్యంతరం లేదు."

తెల్ల స్త్రీ కాదని తేలాక ఆ చెయ్యి ఎవరి చెయ్యి పట్టుకున్నా ప్రజల శాంతికి ఢోకా లేదన్నమాట. గుమాస్తా ఆ మాటలు టైపు చేసి నా చేతికిచ్చాడు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక హెట్టీ అత్త నోరు తెరిచింది.

"బుద్ధుందా నీకు? నాలుగేళ్ళు కాపాడుకొచ్చానే! నిమిషంలో తగలేశావు! నేను పోతున్నాను కదా, పోనివ్వొచ్చు కదా!"

"నువ్వు గది తప్పొచ్చానన్నావు" అంది ఒడెస్సా. "ట్రామ్‌లో చూడనట్టు ఉండటం వేరే అమ్మా. నా ముందే నిలబడి, నేను నీకేమీ కానట్టు, అలా వంగిపోయి... నావల్ల కాలేదు. ఇంకెప్పుడూ నావల్ల కాదు."

హెట్టీ అత్త ఇంకో రెండు తిట్లు తిట్టింది, కానీ కూతురి చంకలోంచి చెయ్యి మాత్రం తీసుకోలేదు. స్టేషన్ దాకా అలాగే నడిచారు. బ్రాంచ్ వాళ్ళ వెనకాల నడుస్తూ ఏడ్చాడు, దాచుకోలేదు కూడా.

శుక్రవారానికి ఉద్యోగం పోయింది. శనివారం ఒడెస్సా తన కత్తెర, సూదుల డబ్బా తెచ్చుకోవడానికి వెళ్ళింది. వెనకతలుపు దగ్గరే అందించి పంపారట. తిరుగు ట్రామ్‌లో నేనూ ఉన్నాను. ఇస్త్రీ ముగించుకుని హెట్టీ అత్త అదే ట్రామ్ ఎక్కింది. అలవాటు కొద్దీ వెనక్కి పోబోతుంటే ఒడెస్సా ఆమె కోటు అంచు లాగి పక్కన కూలేసింది. ఎదుటి బెంచీ మీద తెల్లాయన వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏంటయ్యా, ఎప్పుడూ తల్లీ కూతుళ్ళని చూళ్ళేదా?" అంది హెట్టీ అత్త. ఆయన పత్రిక వెనక దాక్కున్నాడు.

నేను ఇంటికెళ్ళి అట్ట రాశాను. గుమాస్తా టైపు చేసిచ్చిన మాట ఒక్కటి కూడా మార్చలేదు. అక్షరాలు మాత్రం సినిమా పేరంత లావుగా వేశాను. రాసి చూస్తే కింద ఒక వరస చోటు మిగిలింది. ఖాళీ అట్ట అంటే నాకు పడదు. ఎవరినీ అడక్కుండా ఆ వరస కూడా నింపేశాను.

బ్రాంచ్ చూసి, "బోర్డు ఇది అడగలేదే?" అన్నాడు.

"వద్దని కూడా అనలేదుగా" అన్నాను.

అతను ఆ అట్టని కెమెరా ముందు పెట్టి, మామూలు కంటే రెట్టింపుసేపు హ్యాండిల్ తిప్పాడు.

షికాగోకి ఆ అట్ట అక్కర్లేదు. కావాలంటే ఇక్కడ తీసేస్తానని బ్రాంచ్ ఒడెస్సాకి చెప్పాడు. "ఇంక దాచడానికి ఏముంది? ఉండనీండి" అంది. కింది వరస సంగతి ఆమెకి మేం చెప్పలేదు.

ఆలివ్‌లో మొదటి ఆట ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక. చర్చి బట్టల్లోనే అందరూ వచ్చేశారు. తెల్లవాళ్ళ హాళ్ళలోలా మమ్మల్ని విడిగా కూర్చోబెట్టే బాల్కనీ లేదు, మధ్యలో అడ్డు తెర లేదు, ముందు వెనకలు లేవు. ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చున్నారు. హెట్టీ అత్త నడిమి వరసలో, ఒడెస్సా పక్కన. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మూడు రీళ్ళు అయ్యాయి. దొరసాని రావడానికి ముందు తెర నల్లబడి, నా అట్ట పడింది. ముందు వరసలో స్కూలు పంతులమ్మ గొంతు మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు.

"ఈ చిత్రంలో తెల్ల స్త్రీ పాత్ర ధరించినది నల్లజాతి స్త్రీ, కుమారి ఒడెస్సా టాలివర్!"

హాలు విరగబడి నవ్వింది. బోర్డు వాళ్ళు హెచ్చరికగా పెట్టమన్నది అదే. మా జనం కాళ్ళు నేలకేసి కొట్టారు, టోపీలు ఎగరేశారు. "మన ఒడెస్సానే!" అని ఎవరో అరిచారు. ఆ నవ్వుల్లో కింది వరస కాస్త ఆలస్యంగా కనబడింది. పంతులమ్మ ఒక్కతే ముందు చదివింది. తర్వాత నవ్వు ఆపి అందరూ చదివారు, ఒక్క గొంతుతో.

"శ్రీమతి హెట్టీ టాలివర్ గారి కుమార్తె."

హెట్టీ అత్త తల తిప్పి చూసింది. ఆమెకి చదువు రాదు. తెర మీద ఏముందో ఆమెకి తెలియదు.

"ఎవరే నన్ను పిలిచేది?" అంది.

"అక్కడుందమ్మా" అంది ఒడెస్సా తెర వైపు చెయ్యి చూపిస్తూ. "అదిగో, చివరి వరస. నీ పేరే."

అట్ట ఇంకా వెలుగుతూనే ఉంది. వెనక వరసల వాళ్ళు రెండోసారి చదివారు, ఈసారి ఇంకా గట్టిగా. పియానో ఆగిపోయింది.

హెట్టీ అత్త లేచి నిలబడింది. చర్చి టోపీ సరిచేసుకుంది. నడుం నిటారుగా పెట్టి, మచ్చల చెయ్యి పైకెత్తి, హాలంతటికీ వినబడేలా చెప్పింది.

"ఇక్కడే ఉన్నాను. ఆ పిల్ల నాదే."